అటెండెంట్లందరూ బయటికి!

ఉదయం తొమ్మిదింటికి కార్డియాలజీ వార్డులో సిస్టర్ కేకేస్తుంది: "పెద్ద డాక్టరుగారు వస్తున్నారు, అటెండెంట్లందరూ బయటికి!" రాత్రంతా స్టూలు మీద కునికిన రోగి భార్య ఫ్లాస్కు పట్టుకుని వరండాలోకి నడుస్తుంది. లోపల డాక్టరు "ఆయాసం ఎలా ఉంది?" అని అడిగితే ఆయన "బాగానే ఉంది సార్" అంటాడు. వారం నుంచి ఆయన మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోతున్నాడని చెప్పగల మనిషి తలుపవతల ఉంది. హార్ట్ ఫెయిల్యూర్‌లో దిండ్ల లెక్క చిన్న విషయం కాదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు.

మందుల చీటీతో పరిగెత్తేదీ, ఇంటికెళ్ళాక ఆవకాయ జాడీ దాచేదీ ఆమే. అసలు మాట జరిగే ఆ పది నిమిషాలే ఆమెకి అక్కడ చోటు లేదు.

అమెరికాలో ఈ తలుపు ముందుగా తెరుచుకున్నది పిల్లల వార్డుల్లో. డాక్టర్ల రౌండ్స్ మంచం దగ్గరే, తల్లిదండ్రుల ఎదుటే జరగాలని అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2003లో చెప్పింది. ఉత్తర అమెరికాలోని ఏడు ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో తల్లిదండ్రులతో మామూలు మాటల్లో మాట్లాడి, విన్నది వాళ్ళ చేతే తిరిగి చెప్పించి చూశారు. ఆ ఫలితాలు 2018లో బీఎంజే పత్రికలో వచ్చాయి. మొత్తం పొరపాట్లు తగ్గలేదు గానీ, రోగికి హాని చేసే పొరపాట్లు 38 శాతం తగ్గాయి. టైమ్ ఎక్కువ పడుతుందన్న భయమూ నిజం కాలేదు. పెద్దల ఐసీయూల్లోనూ కుటుంబాన్ని రౌండ్స్‌కి పిలవమని 2017లో అమెరికా క్రిటికల్ కేర్ సొసైటీ సూచించింది.

గుండె రోగికి ఇది మరీ అవసరం. అతని వైద్యంలో ఎక్కువ భాగం వంటింట్లోనే జరుగుతుంది. డాక్టరు "గుండె పంపింగ్ 55 శాతం" అనగానే నూటికి 55 మార్కులేనా అని బెంబేలెత్తేవాళ్ళుంటారు. అది మామూలు గుండె లెక్కే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్ళు ఆకుకూర ఒకరోజు గిన్నెడు తిని, మర్నాడు మానెయ్యకుండా రోజూ ఒకే తీరుగా తినాలి. ఆ సంగతి తెలియాల్సింది కూర వండేవాళ్ళకి. స్టెంటు వేశాక రక్తం పలుచన చేసే మాత్రలు సొంతంగా ఆపకూడదనీ, వారంలో రెండు కిలోల బరువు పెరిగితే వెంటనే డాక్టరుకి చెప్పాలనీ ఇంట్లోవాళ్ళూ వినాలి.

బెంగళూరు నారాయణ హృదయాలయలో గుండె ఆపరేషన్ రోగుల బంధువులకి నూరా హెల్త్ అనే సంస్థ పాఠాలు మొదలుపెట్టింది. వరండాలో కూచోబెట్టిన వాళ్ళకి పని నేర్పడమే దాని కిటుకు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. "ఆయనకి చెప్పకండి డాక్టరుగారూ" అని కొడుకులు వరండాలో బతిమాలతారు. మంచం దగ్గర మాట్లాడితే ఆ దాపరికం సాగదు. కాబట్టి ముందు రోగినే అడగాలి, ఎవరుండాలని. కొందరు అందరూ ఉండాలంటారు. కొందరు మాత్రం సిగరెట్ల సంగతి ఆవిడ ముందు ఎత్తొద్దని డాక్టరుకి సైగ చేస్తారు.