అటక మీది భర్మారుకూ లెక్క వుంది

భద్రాచలం: మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవి అంచు గ్రామాల రైతులకు నిద్ర వుండదు. మంచె మీద ఒకరు, గట్టు మీద ఒకరు కాపలా కాస్తారు. డబ్బాలు మోగిస్తారు, మంటలు వేస్తారు, గొంతు పోయేలా కేకలు పెడతారు. అయినా తెల్లవారేసరికి అడవిపందుల గుంపు చేను తొక్కి పోతుంది. అలాంటి ఉదయాన రైతుకు గుర్తుకు వచ్చేది గోనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టిన తాతల నాటి భర్మారు తుపాకీ. అది నాటుది గనుక దానికి చట్టం లేదని కొందరి నమ్మకం. ఈ నమ్మకమే పంటతో పాటు మనిషిని కూడా పోగొట్టుకునే చిక్కుల్లోకి దింపుతున్నది.

నింపు, కొట్టు

భర్మారు అంటే నింపి కొట్టేది. దీనికి తూటాలు వుండవు. గొట్టం మూతి నుంచే నల్లమందు పోసి, గుడ్డ పీలికలు పెట్టి, సీసపు రవ్వలు వేసి ఇనుప కడ్డీతో కూరాలి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిస్తే నల్లమందు. వెనుక వైపున చిన్న టోపీ తొడిగి గుర్రాన్ని వదిలితే నిప్పు లోపలికి పోయి మందు అంటుకుంటుంది. ఒకసారి పేలిస్తే మళ్ళీ మొదటి నుంచి నింపుకోవలసిందే. ముసురు పట్టి మందు చెమ్మగిల్లితే పేలదు. మందు ఎక్కువైనా, గొట్టం నాసిరకం నీళ్ళ పైపు అయినా పేల్చినవాడి చేతిలోనే బద్దలవుతుంది.

ఈ ప్రాంతంలో భర్మారు మీద మమకారానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు గోదావరికి ఇవతల నైజాం రాజ్యం, అవతల భద్రాచలం వైపు మద్రాసు ప్రభుత్వం. 1878 ఆయుధాల చట్టంతో ఇంగ్లీషు ప్రభుత్వం జనం చేతిలోని తుపాకులకు లైసెన్సు కట్టడి పెట్టింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద, తరువాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలోనూ పల్లె జనం మొదట పట్టినవి కర్రలు, వడిసెలలు, భర్మార్లే. భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. ఆయుధాల కొత్త చట్టం వచ్చినదీ ఆ ఏడాదే.

చట్టం చూపిన చిన్న సందు

1959 చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అన్ని తుపాకులనూ అది ఒకే గాటన కట్టలేదు. సైన్యం వాడే రకాలకు గట్టి నిషేధం పెట్టింది. పిస్తోలు, రైఫిలు కావాలంటే తగిన కారణం చూపాలన్నది. పంట కాపలా కోసం మూతి నుంచి నింపే తుపాకీ అడిగిన పౌరుడికి మాత్రం, వేరే అభ్యంతరం లేకపోతే లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్‌లో రాసింది. భర్మారు ఒక్కటీ పంటకు చాలదని అధికారికి తోస్తే నున్నటి గొట్టం గల మరో తుపాకీకీ లైసెన్సు ఇవ్వవచ్చు.

అంటే చట్టం భర్మారుకు బిగువు సడలించింది గాని లైసెన్సు వద్దనలేదు. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో దొరికితే, 2019 సవరణ తరువాత రెండేళ్ళకు తగ్గకుండా అయిదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. తుపాకులు తయారుచేసి అమ్మేవారికి ఏడేళ్ళ నుంచి యావజ్జీవం వరకు వుంది. దళాల అలికిడి ఏళ్ళ తరబడి సాగిన ఈ అడవుల్లో ఎదురుకాల్పుల తరువాత పోలీసులు చూపించిన ఆయుధాలలో భర్మార్లూ వుండేవి. అందువల్ల పందికోసం దాచిన తుపాకీ మీద వేరే అనుమానం పడే అవకాశం కూడా లేకపోలేదు.

తాత పోతే తుపాకీ ఎవరిది?

అసలు చిక్కు వారసుల దగ్గర వస్తున్నది. తాతకు లైసెన్సు వుండవచ్చు, ఆ కాగితం ట్రంకు పెట్టెలో ఇంకా భద్రంగానే వుండవచ్చు. కాని లైసెన్సు మనిషికి గాని ఇంటికి కాదు. గడువు తీరినా, లైసెన్సుదారు చనిపోయినా ఆ తుపాకీని అనవసరపు జాప్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు గల ఆయుధాల వర్తకుని దగ్గర గాని దాఖలు చేయాలని 21వ సెక్షన్ చెబుతున్నది. దాఖలు చేసినంత మాత్రాన తుపాకీ పోయినట్లు కాదు. వారసుడు తన పేర లైసెన్సు పొందితే తిరిగి తీసుకోవచ్చు.

తుప్పుపట్టిన తుపాకీకి భయం లేదనే వారున్నారు. పాతకాలపు లేదా పాడైన ఆయుధానికి 45వ సెక్షన్‌లో మినహాయింపు వున్న మాట నిజమే. అయితే మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై వుండాలి. కమ్మరి కొలిమిలో బాగుపడగల గొట్టానికి ఆ మినహాయింపు దక్కదు. కర్ణాటకలో కొడగు ప్రజలకు తుపాకీ లైసెన్సు అక్కర్లేదనే మాట కూడా ఇక్కడ చెప్పుకుంటారు. అది వారికీ, ఆ జిల్లా జమ్మా భూముల వారికీ మాత్రమే ఇచ్చినది. 2019లో మరో పదేళ్ళు పొడిగించారు.

విల్లుకూ అడవి చట్టం

లైసెన్సు అక్కర్లేని వాటిలో గాలి తుపాకీ ఒకటి. 2016 నిబంధనల ప్రకారం గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, దెబ్బ శక్తి 20 జౌళ్ళు దాటని గాలి తుపాకీకి లైసెన్సు అవసరం లేదు. కోయల విల్లంబులకు కూడా లైసెన్సు అడిగే ఆనవాయితీ లేదు. వేసవిలో భూమి పండుగకు మగవారు విల్లంబులతో వేటకు పోవడం, ఆడవారు దారికి అడ్డంగా నిలిచి బాటసారుల దగ్గర పండుగ మామూలు అడగడం తరతరాలుగా వస్తున్నదే.

అయితే ఆయుధాల చట్టం వదిలిన వాటిని 1972 వన్యప్రాణి చట్టం వదలలేదు. ఆ చట్టంలో ఆయుధం అనే మాటకు తుపాకీతో పాటు విల్లు, బాణం, కత్తి, వల, ఉచ్చు, విషం అన్నీ వస్తాయి. అనుమతి లేకుండా వీటితో అభయారణ్యంలోకి పోవడమే నేరం. కిన్నెరసాని అభయారణ్యం, పాపికొండల జాతీయవనం చుట్టూ పది కిలోమీటర్ల లోపు వుండేవారు తుపాకీకి లైసెన్సు వున్నా, మినహాయింపు వున్నా అటవీశాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే వన్యప్రాణి ముఖ్య అధికారి సమ్మతి ముందుగా కావాలి.

గాలి తుపాకీ ఏం చేయగలదో అరుణాచల్ ప్రదేశ్ చూసింది. అడవుల్లో పిట్ట కూత కరువవుతున్నదని అక్కడ 2021లో గాలి తుపాకులను అప్పగించే ఉద్యమం మొదలుపెట్టారు. ఊళ్ళవారు తమంత తామే తెచ్చి ఇచ్చారు.

మరి పంట మాటేమిటి?

అడవిపంది పంటను పాడుచేస్తున్నప్పుడు దానిని చంపడానికి ముఖ్య అధికారి గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చునని వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్‌లోనే వుంది. ఆ కాగితం లేకుండా కొడితే, చేతిలో లైసెన్సు తుపాకీ వున్నా అది వేట కిందికే వస్తుంది. తుపాకీ లేనివారు కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. అది భర్మారు కన్నా ప్రమాదకరం. తీగకు పందికీ పొరుగు రైతుకూ తేడా తెలియదు.

లైసెన్సు కోసం అడగవలసిన చోటు కూడా మారింది. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. ఎక్కడ కాపురముంటే అక్కడి అధికారికే దరఖాస్తు పెట్టుకోవాలి. పంట పోయినవారు వెంటనే అటవీ సిబ్బందికి రాసి ఇచ్చి రసీదు తీసుకోవడం మేలు. అటక మీది గోనెగుడ్డ మూటను పందులు చేలో పడకముందే, విత్తనాల నాడే దింపి స్టేషన్‌కు చేర్చడం అంతకన్నా మేలు.