ఉప్పునీళ్ల మీద పరిచిన మంచు

ఎండాకాలం పొద్దున్నే గోనెపట్టా కప్పుకుని, బండి మీద నీళ్లోడుతూ సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ సందుల్లోకి వచ్చే ఐసు గడ్డను ఒకసారి పరకాయించి చూడండి. అంచులు అద్దంలా ఉంటాయి. నడుమ మాత్రం తెల్లటి చార.

ఐసు ఫ్యాక్టరీలో నీళ్లు పోసిన రేకు డబ్బాలను ఉప్పునీళ్ల తొట్టిలో దించుతారు. బాగా ఉప్పు కలిపిన నీళ్లు సున్నా డిగ్రీల కిందకి వెళ్లినా గడ్డకట్టవు. అమ్మోనియా యంత్రం వాటి వేడిని లాగేస్తుంటే, అవి డబ్బాలోని నీళ్ల వేడిని లాగేస్తాయి. గడ్డ అంచుల నుంచి లోపలికి కడుతుంది. మంచు లోపలికి తోసిన గాలీ, లవణాలూ చివరికి నడుమ ఇరుక్కుంటాయి. అదే ఆ చార.

ఈ తొట్టిని నేలమీద బల్లపరుపుగా పరిస్తే ఐస్ హాకీ మైదానమే. అమెరికా, కెనడా పెద్ద లీగ్‌లో దాని కొలత 200 అడుగులు, 85 అడుగులు. కాంక్రీటు లోపల మైళ్లకొద్దీ గొట్టాలు, వాటిలో చల్లటి ఉప్పునీళ్లు, పైన అంగుళమో ఒకటిన్నర అంగుళాలో మంచు. 1875 మార్చి 3న మాంట్రియల్‌లో ఒక కప్పు కింద హాకీ ఆడినప్పుడు ఆ మంచు చలికాలం ఇచ్చిందే. మరుసటేడే లండన్‌లో జాన్ గామ్‌గీ అనే పశువైద్యుడు గొట్టాలతో మంచు కట్టించాడు. అసలు ఆయన ధ్యాసంతా మాంసం చెడకుండా గడ్డకట్టించడం మీద!

నాకు ఇష్టమైన మనిషి మాత్రం ఫ్రాంక్ జాంబోనీ. కాలిఫోర్నియాలో సోదరుడితో కలిసి 1927లో ఐసు గడ్డల ఫ్యాక్టరీ పెట్టాడు. శీతల యంత్రాలు మెరుగై గడ్డల గిరాకీ పడిపోయింది. చేతిలో మిగిలింది చల్లబరిచే విద్య. దాంతోనే 1940లో ‘ఐస్‌ల్యాండ్’ అనే స్కేటింగ్ మైదానం తెరిచాడు.

అక్కడ కొత్త తలనొప్పి. స్కేట్లు గీరిన మంచును చదును చేయాలంటే ట్రాక్టరుతో చెక్కి, పారలతో ఎత్తి, కడిగి, మళ్లీ నీళ్లు చల్లి గడ్డకట్టేదాకా ఆగాలి. ముగ్గురు నలుగురికి గంటకు పైగా పని. అంతసేపూ టికెట్ల డబ్బు రాదు. ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1949లో ఒక బండి తయారుచేశాడు, యుద్ధం మిగిల్చిన జీపు, విమానాల విడిభాగాలతో. కంటోన్మెంటు పక్కన పెరిగినవాళ్లకు సైన్యం పాత సామాను విలువ వేరే చెప్పాలా!

బండి కింద పొడుగాటి కత్తి పలచటి పొర చెక్కుతుంది. స్క్రూలా తిరిగే కడ్డీలు ఆ పొడిని తొట్టిలోకి ఎత్తుతాయి. వెనక వేలాడే గుడ్డ వేడినీళ్లు పులుముతూ పోతుంది. మంచు మీద వేడినీళ్లేమిటంటారా? పైపొరను కాస్త కరిగించి దానితో కలిసిపోతాయి; కరిగి ఉండే గాలి తక్కువ కాబట్టి గట్టిగా, నున్నగా గడ్డకడతాయి. ఐసు గడ్డ నడుమ చారకు కారణమైన గాలే ఇక్కడా శత్రువు. సినిమా తార, స్కేటింగ్ విజేత సోంజా హెనీ కూడా ఈ బండి కొనుక్కుంది. పది నిమిషాల్లో పని అయిపోతుంటే ఎవరు కాదంటారు?

న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక రాత్రి హాకీ, మర్నాడు బాస్కెట్‌బాల్, ఆపైన పాటకచేరీ. మధ్యలో మంచును కరిగించరు. చలి ఆపే పలకలు కప్పి, బాస్కెట్‌బాల్‌కైతే ఆ పైన చెక్క నేల బిగిస్తారు. కచేరీలో జనం చిందులేస్తుంటే వాళ్ల కాళ్ల కింద మంచు అలాగే ఉంటుంది. కింద గొట్టాల్లో ఉప్పునీళ్లు తిరుగుతూనే ఉంటాయి.

బండి ఎత్తిన మంచుపొడిని మాత్రం హాలు వెనక కుప్ప పోస్తారు. ఆ కుప్ప కరిగి కాలవ పాలవుతుంది. సికింద్రాబాద్ పిల్లలు చూస్తే ఎర్రరంగు షర్బత్ ఏదని అడుగుతారు.