పులికాటు జాలరి విద్య

చిత్తూరు సీమవారికి చేప యనగా తరచు చెరువు చేపయే. చెరువులు నిండిన యేడు చేప పెరుగును. వేసవిలో నీరు అడుగంటినపుడు జనము దిగి పట్టుకొందురు. పడవ యెక్కి వేటకు పోవు విద్యతో ఆ సీమకు పూర్వము పని లేదు. కాని 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా యేర్పడినపుడు సూళ్ళూరుపేట, తడ ప్రాంతములు నెల్లూరు జిల్లానుండి విడివడి దానిలో చేరినవి. అంతటితో ఏడుకొండల జిల్లాకు సముద్రతీరమును, పులికాటు సరస్సును లభించినవి. కావున ఆ సరస్సుపై పడవ నడపి బ్రదుకువారి విద్య యెట్టిదో తెలిసికొనుట నేడు మనకు ఇంటి విషయమైనది.

పులికాటు ఉప్పునీటి సరస్సు. ఒడిస్సాలోని చిలక సరస్సు తరువాత మన దేశమున ఇంత పెద్దది వేరొకటి లేదు. వానకాలమున సుమారు 460 చదరపు కిలోమీటర్లు పరచుకొని, వేసవిలో దాదాపు సగమునకు ముడుచుకొనును. ఇంత విశాలమైనను దీని సగటు లోతు ఒకటి, ఒకటిన్నర మీటర్లు మాత్రమే. తూర్పున శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. సూళ్ళూరుపేట ప్రక్కగా వచ్చు కాళంగియు, దక్షిణమున ఆరణి నదియు దీనికి మంచినీరు తెచ్చును; ఇసుకతిన్నెల నడుమ నుండు ముఖద్వారములు ఉప్పునీరు తెచ్చును. ఈ రెండు నీళ్ళ పొత్తుమీదనే జాలరి జీవనము ఆధారపడియున్నది.

పడవపైనుండి చేపను పట్టుటకు లోకమున రెండు మార్గములు కలవు. చేపను తన దగ్గరకు రప్పించుకొనుట యొకటి; చేప నడచు దారిలో తాను పోయి నిలుచుట రెండవది.

మొదటిదానికి అమెరికా తూర్పుతీరమందలి చెసపీక్ అఖాతము చక్కని నిదర్శనము. పార వలె వెడల్పై, పలుచనై, నిలువు చారలు గల ఒక చేప వేసవిలో అచ్చటికి గుంపులుగా వచ్చును. దానిని స్పేడ్‌ఫిష్ అందురు; మనము పారచేప యని చెప్పుకొనవచ్చును. మునిగిన ఓడలచుట్టును, దీపస్తంభములచుట్టును తిరుగుట దాని స్వభావము. జెల్లీచేప యన్న దానికి మిక్కిలి ప్రీతి. వేటకాడు పడవను స్తంభము చెంత నిలిపి, జెల్లీచేపలను దారమునకు గ్రుచ్చి, బరువు కట్టి నీటిలోనికి దించును. గుంపు వచ్చి తినుటకు మొదలిడగానే దారమును మెల్లమెల్లగా పైకి లాగును; చేపలు తిండి వెంటబడి పైకి వచ్చును. అపుడు చిన్న గాలమునకు చిన్న ముక్క గ్రుచ్చి వాని నడుమ జారవిడుచును. దాని నోరు చిన్నది గనుక పెద్ద గాలము పనికిరాదు. ఈ కుటుంబపు చేప మన బంగాళాఖాతమునను కలదు. కాని ఇచ్చట దానికొరకై ఇంత తంత్రము పన్నువారు లేరు. తక్కిన చేపలతోపాటు వలలో పడినపుడు దానిని తెచ్చుకొందురు.

పులికాటు జాలరిది రెండవ మార్గము. అతడు ఎరను నమ్మడు, దారిని నమ్మును. రొయ్య సముద్రమున పుట్టును. దాని పిల్లలు పోటునీటితో ముఖద్వారము దాటి సరస్సులో ప్రవేశించి, అచ్చటి నిలుకడ నీటిలో తిని పెరిగి, మరల గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునకు మరలును. గోదావరి ప్రాంతీయులు కొయ్యింగ యని పిలుచు చేపయు, పండుగప్పయు ఇట్లే ఉప్పునీటికిని సరస్సునకును రాకపోకలు సాగించును. పండుగప్పది మరియొక చిత్రము: అది మొదట మగదిగా పెరిగి, పెద్దదైన పిమ్మట ఆడదిగా మారును. కావున ఏ నెలలో, ఏ తిథిని, ఏ నీటితో ఏ చేప కదలునో తెలిసినవాడే మంచి జాలరి. అమావాస్యకును పౌర్ణమికిని ఆటుపోటులు బలముగా నుండును. నీటి ఒరవడి యెక్కువైనకొలది రొయ్యల కదలికయు హెచ్చును. అందుచేతనే జాలరికి పంచాంగముతో మనకంటె ఎక్కువ పని.

లోతు లేని నీటిలో పడవ నడపుటకు తెడ్డుకంటె గడ మేలు. అడుగున గ్రుచ్చి నెట్టిన గడ పడవను నడపుటయేగాక, అచ్చట బురద యున్నదో ఇసుక యున్నదో చేతికి చెప్పును. గాలి అనుకూలమైనపుడు తెరచాప యెత్తుట పూర్వపు వాడుక. నేడు అనేక పడవలకు ఇంజను అమరినది. నూలు వలలు పోయి నైలాను వలలు వచ్చినవి. సరంజామా మారినను వల కన్ను విషయమున వివేకము మారలేదు. కన్ను మరీ చిన్నదైన పిల్లచేప కూడ చిక్కును. నేడు పిల్లను పట్టినవానికి రేపు పెద్దది దొరకదు.

అయితే వల వేయుట తెలిసినంతమాత్రమున ఈ విద్య పూర్తి కాదు. ముఖద్వారము చేరువ నీటి ఒరవడి గల మంచి తావులు కొన్నియే. అచ్చట గుంజలు పాతి ఒకడు వల కట్టిన, వాని వెనుకవానికి మిగులునది ఉత్తనీరే. ఈ చిక్కును విడదీయుటకై సరస్సు దక్షిణభాగమున, తమిళనాటి పులికాటు పట్టణ పరిసర గ్రామములవారు చాలకాలముగా ఒక పద్ధతిని పాటించుచున్నారు. దానిపేరు 'పాడు'. మన భాషలో పాడనగా చెడిపోవుట. అచ్చట పాడనగా చెడిపోకుండ చేసికొన్న యేర్పాటు! హక్కుగల మత్స్యకారుల పేర్లు ఒక పట్టీలో నుండును. చీటీలు వేసి తావులను నిర్ణయించి, వంతుల ప్రకారము మార్చుకొందురు. నేడు మంచి తావు దొరికినవానికి రేపు చెడ్డ తావు. నేడు నష్టపోయినవానికి రేపు లాభము. పోలీసు లేకయే నీటిమీద న్యాయము సాగుటకు ఇది మంచి మార్గము.

ఈ న్యాయమునకు ఎల్లలు లేకపోలేదు. పట్టీలో పేరు వంశక్రమమున వచ్చునది. పేరు లేనివానికి వంతు లేదు. పడవయు వలయు లేని యానాదులు, ముఖ్యముగా స్త్రీలు, లోతు తక్కువ తావున నీటిలో దిగి చేతులతో తడిమి రొయ్యలను పట్టుదురు. సరస్సు వారికిని అన్నదాతయే. ఇక ఆంధ్ర తమిళ జాలరుల నడుమ నీటి హద్దులగూర్చి తగవులు పలుమారులు రేగినవి. చేప తగ్గినకొలది తగవు పెరుగుట లోకసహజము.

చేప తగ్గుటకు ప్రధాన కారణము ముఖద్వారములు పూడుటయే. మనవైపు రాయదొరువు, కొండూరుపాళెము, దక్షిణమున పళవేర్కాడు – వీనిద్వారా సముద్రము సరస్సుతో మాటలాడును. తీరము వెంబడి కదలు ఇసుక ఈ నోళ్ళను మూయుచుండును. ఏటినీరు ఉద్ధృతముగా వచ్చిన యేడు కొంత తెరచుకొనును, నీరు తగ్గిన యేడు మూసికొనును. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు సరస్సుమీదుగా వేసిన రోడ్డు, 1971లో రోహిణి రాకెట్టు ఎగసిన ఆ కేంద్రమునకు రాచబాట. అయినను అది ఉత్తరభాగపు నీటి రాకపోకలకు కొంత అడ్డమైనది. ముఖము మూసికొన్న వేసవిలో నీరు ఇగిరి ఉప్పదనము సముద్రమును మించును. ఉత్తరపు మేరలు ఎండి బీటలు వారును. అప్పుడు రొయ్యపిల్ల లోనికి రాలేదు. లోనున్నది వెలికి పోలేదు. గడ పట్టిన చేతి నేర్పు, పంచాంగమెరిగిన తల, వంతు తప్పని న్యాయము – మూడును వ్యర్థమగును.

స.వెం. రమేశ్‌గారి 'ప్రళయ కావేరి కథలు' చదివినవారికి ఈ సరస్సు పూర్వనామమును, దాని దీవుల పలుకుబడియు పరిచితములే. ఆ పలుకుబడి నిలుచుటకు ఆ జనము అచ్చట నిలువవలెను. జనము నిలుచుటకు చేప రావలెను. చేప వచ్చుటకు వాకిలి తెరచియుండవలెను. ఒకమారు పూడిక తీసి చేతులు దులుపుకొన్న చాలదు, ఇసుక ఏటేట వచ్చునది గనుక. పంట కాలువకు ఏటేట పూడిక తీయుట రైతు మరువడు. సరస్సు వాకిలి విషయమునను ఆ శ్రద్ధయే కావలెను. ఆ పనియందు ఇరు రాష్ట్రములును వంతు వేసికొన్నచో, ఆ పాఠము జాలరులయొద్ద నేర్చినదే యగును.