డబ్ల్యూడబ్ల్యూఈ పాత మ్యాచ్‌లు మళ్లీ చూస్తున్నారా? ఈసారి గెలిచినోడిని కాదు.. ఓడినోడిని చూడండి!

హల్క్ హోగన్ బాడీస్లామ్, అండర్‌టేకర్ చోక్‌స్లామ్, స్టోన్ కోల్డ్ స్టన్నర్.. ఈ పేర్లు వింటే చాలు, కేబుల్ టీవీ రోజులు గుర్తొచ్చే తరం ఒకటుంది. ట్రంప్ కార్డుల మీద ఎవరి ఎత్తెంత, బరువెంత అని బట్టీ పట్టిన తరం అది. అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలున్నాయని, చచ్చినా లేచొస్తాడని క్లాసులో ఒట్టేసి మరీ చెప్పిన తరం. 1996లో వచ్చిన ‘ఖిలాడియోం కా ఖిలాడి’లో అక్షయ్ కుమార్ కొట్టింది అసలు అండర్‌టేకర్‌నే అని కూడా గట్టిగా నమ్మారు. ఆ సినిమాలో ఉన్నది బ్రయాన్ లీ అనే వేరే రెజ్లర్ అని చాలామందికి ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు!

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంకి జాన్ సీనా వచ్చినప్పుడు ఊగిపోయింది కూడా ఆ తరమే. ఇప్పుడు వాళ్లే పాత మ్యాచ్‌లను ఫోన్లో మళ్లీ చూస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఇండియాలో డబ్ల్యూడబ్ల్యూఈ షోలు నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి. యూట్యూబ్‌లో ‘డబ్ల్యూడబ్ల్యూఈ వాల్ట్’ అనే అధికారిక ఛానెల్ పాత మ్యాచ్‌లను మొత్తంగా పెడుతోంది. అదే ఏడాది జులైలో హోగన్ చనిపోయిన తర్వాత పాత వీడియోల వైపు వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఎవరు గెలుస్తారో తెలుసు. అంతా ముందే అనుకుని చేసేదే అనీ తెలుసు. మరి ఇంకేం చూస్తున్నారు? ఫ్యాన్స్ మాటల్లో ఎక్కువగా వినిపించేది ఒకటే.. చిన్నప్పుడు గెలిచినోడిని చూశాం, ఇప్పుడు కళ్లు ఓడినోడి మీదకే పోతున్నాయి అని. ఇందులో విషయం ఉంది. ఎందుకంటే ఈ ఆటలో గెలిచినోడిని హీరోలా చూపించే బాధ్యత ఓడేవాడిదే. దెబ్బ గట్టిగా తగిలినట్టు ఒళ్లంతా చూపించడాన్ని రెజ్లింగ్ భాషలో ‘సెల్లింగ్’ అంటారు. కింద పడటాన్ని ‘బంప్’ అంటారు. పైకెత్తి కొట్టాలంటే ఎత్తేవాడి కండలు ఒక్కటే చాలవు, ఎత్తించుకునేవాడు కూడా సాయం పట్టాలి. అలాగని పడటం అబద్ధం కాదండోయ్! రింగ్‌లో ఉండేది పరుపు కాదు. ఇనుప బీముల మీద చెక్క పలకలు, వాటి మీద పల్చటి ఫోమ్, పైన కాన్వాస్ గుడ్డ.. అంతే.

ఆండ్రే ఒప్పుకున్నాడు కాబట్టే..

1987 మార్చి 29. అమెరికాలోని పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో రెజిల్‌మేనియా 3. హాజరైన జనం 93,173 మంది అని ప్రకటించారు. ఆ లెక్క మీద ఇప్పటికీ గొడవలు జరుగుతుంటాయి, అది వేరే కథ. మెయిన్ మ్యాచ్ హోగన్, ఆండ్రే ద జెయింట్ మధ్య. 520 పౌండ్లు, అంటే సుమారు 236 కిలోలు ఉన్నాడని చెప్పిన ఆండ్రేను హోగన్ ఎత్తి పడేసిన సీన్ అందరికీ గుర్తే.

ఇప్పుడు మొత్తం మ్యాచ్ చూడండి. నిజం చెప్పాలంటే కాస్త బోర్ కొడుతుంది. 12 నిమిషాల మ్యాచ్‌లో చాలాసేపు ఆండ్రే హోగన్‌ను గట్టిగా కౌగిలించి నొక్కడమే ఉంటుంది. ఎందుకలా? ఆండ్రేకు అక్రోమెగలీ అనే జబ్బు ఉంది. గ్రోత్ హార్మోన్ అదుపు లేకుండా ఊరడం వల్ల ఎముకలు పెరుగుతూనే ఉంటాయి. అప్పటికే నడుం పూర్తిగా దెబ్బతింది. డ్రెస్ కింద నడుముకు బెల్ట్ కట్టుకుని రింగ్‌లోకి వచ్చాడు. నిలబడటమే కష్టంగా ఉన్న మనిషి, 12 నిమిషాలు కొండలా కనిపించి, సరైన టైమ్‌కి తనను ఎత్తనిచ్చాడు. ఆండ్రే ఒప్పుకుంటాడో లేదో చివరి వరకూ తెలియలేదని హోగన్ తర్వాత చెప్పుకొచ్చాడు. హోగన్ కబుర్లలో మసాలా కొంచెం ఎక్కువే అనుకోండి. ‘ఆండ్రేను ఎవరూ ఎత్తలేదు’ అన్న ప్రచారం కూడా ఉత్తిదే. 1980లో న్యూయార్క్ షే స్టేడియంలో ఇదే హోగన్ ఆండ్రేను ఒకసారి ఎత్తేశాడు. ఆరేళ్ల తర్వాత ఆండ్రే 46 ఏళ్లకే, 1993 జనవరిలో పారిస్‌లో చనిపోయాడు. ఇవన్నీ తెలిశాక ఆ బాడీస్లామ్ చూస్తే హోగన్ బలం కంటే ఆండ్రే ఇచ్చిన దానమే పెద్దగా కనిపిస్తుంది.

అదే రోజు అంతకుముందు జరిగిన ర్యాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్ మ్యాచ్ మాత్రం ఈరోజుకీ పరిగెత్తిస్తుంది. ప్రతి పట్టునూ ముందే వరుసగా రాసుకుని, స్టీమ్‌బోట్‌తో పదేపదే అప్పజెప్పించుకున్నది సావేజ్. టైటిల్ పోగొట్టుకున్నదీ ఆయనే.

స్పృహ తప్పాడు కానీ ఓటమి ఒప్పుకోలేదు

పాత మ్యాచ్‌ల గురించి మాట్లాడుకుంటే తప్పకుండా వచ్చే పేరు 1997 మార్చి 23 నాటి రెజిల్‌మేనియా 13. బ్రెట్ హార్ట్ వర్సెస్ స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్. ‘ఇక చాలు’ అని ఎవరు ఒప్పుకుంటే వాళ్లు ఓడినట్టు.

బ్రెట్ మంచోడిగా వచ్చాడు, ఆస్టిన్ విలన్‌గా వచ్చాడు. చివర్లో బ్రెట్ తన ఫేమస్ షార్ప్‌షూటర్ పట్టు వేశాడు. కాళ్లు మెలిపెట్టి, బోర్లా పడుకోబెట్టి, వెన్ను విరిచే పట్టు అది. ఆస్టిన్ మొహం నిండా రక్తం, పళ్ల సందుల్లోంచి కారుతోంది. అరుస్తున్నాడే గానీ ‘ఒప్పుకున్నా’ అనడం లేదు. చివరికి స్పృహ తప్పాడు. రిఫరీ కెన్ షామ్‌రాక్ మ్యాచ్ ఆపేశాడు. బ్రెట్ గెలిచాడు. గెలిచాక కూడా పడిపోయినోడిని కొట్టడం మొదలుపెట్టాడు. అంతే, జనం బ్రెట్‌ను ఛీకొట్టారు. కుంటుతూ ఒక్కడే నడిచి వెళ్తున్న ఆస్టిన్‌కు చప్పట్లు కొట్టారు.

మొదటిసారి చూసినప్పుడు మనకు రక్తమే కనిపిస్తుంది. రెండోసారి చూస్తే జనం గొంతు మారడం వినిపిస్తుంది. ఒకే మ్యాచ్‌లో హీరో విలన్ అయ్యాడు, విలన్ హీరో అయ్యాడు. ఆ తర్వాతి ఏళ్లలో కంపెనీని మోసిన ఆస్టిన్ ఇమేజ్‌కు గట్టి పునాది పడింది ఆ ఓటమిలోనే. 2002 మార్చి 17న టొరంటోలో రాక్, హోగన్ తలపడినప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది. విలన్‌గా వచ్చిన హోగన్‌కే జనం జైకొట్టారు. ఇద్దరూ అప్పటికప్పుడు ఆట తీరు మార్చుకున్నారు. మ్యాచ్ మాత్రం రాకే గెలిచాడు.

రీల్‌లో కనిపించని మనిషి

1998 జూన్ 28, పిట్స్‌బర్గ్. ‘హెల్ ఇన్ ఎ సెల్’. అండర్‌టేకర్, మ్యాన్‌కైండ్‌గా ఆడిన మిక్ ఫోలీ. సుమారు 16 అడుగుల ఎత్తున్న ఇనుప బోను పైనుంచి ఫోలీ కామెంటేటర్ల టేబుల్ మీద పడే క్లిప్ మీ ఫోన్లోకి ఎన్నోసార్లు వచ్చే ఉంటుంది. పది సెకన్ల రీల్ అక్కడితో ఆగిపోతుంది.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఫోలీ దిగేసి, మళ్లీ బోను ఎక్కాడు. ఈసారి చోక్‌స్లామ్ వేయగానే పైకప్పు తెగి నేరుగా రింగ్‌లో పడ్డాడు. మొదటి పడటం ప్లాన్ చేసిందే, ఇది కాదు. వెనకే పడిన కుర్చీ మొహానికి తగిలి పన్ను ఊడింది. ఇక్కడే టెర్రీ ఫంక్ అనే సీనియర్ రెజ్లర్‌ను గమనించండి. ఫోలీకి ఎలా ఉందో చూడటానికి వచ్చి, అండర్‌టేకర్ చేతిలో తానే ఒక చోక్‌స్లామ్ తింటాడు. ఆ ఊపుకు కాళ్ల బూట్లు ఊడిపోయాయి! చూసేవాళ్లకు అది కామెడీలా ఉంటుంది. కానీ కింద పడి ఉన్న స్నేహితుడు తేరుకోవడానికి ఆ కాసేపు టైమ్ దొరికింది. అండర్‌టేకర్ కూడా ఆ రోజు విరిగిన కాలితోనే ఆడాడు. అందుకే ఈ మ్యాచ్‌ను ముక్కలుగా కాకుండా మొత్తం చూడాలి.

మళ్లీ చూడలేని మ్యాచ్‌లు

కొన్ని మాత్రం ఇప్పుడు చూడబుద్ధి కావు. 2007లో క్రిస్ బెన్వా భార్యను, కొడుకును చంపి తానూ ప్రాణం తీసుకున్నాడు. తర్వాత అతని మెదడును పరీక్షిస్తే తీవ్రంగా దెబ్బతిన్నట్టు తేలింది. ఆయన మ్యాచ్ రాగానే స్కిప్ చేసే ఫ్యాన్స్ చాలామంది. తల మీద కుర్చీతో కొట్టడాన్ని డబ్ల్యూడబ్ల్యూఈ 2010లో నిషేధించింది. ఆ నిషేధానికి ముందున్న మ్యాచ్‌ల్లో కుర్చీ లేచిన ప్రతిసారీ ఇప్పుడు భుజాలు బిగుసుకుంటాయి.

అందులో అన్నిటికంటే కష్టమైనది 1999 జనవరి 24 నాటి రాయల్ రంబుల్. రాక్, మిక్ ఫోలీ మధ్య ‘ఐ క్విట్’ మ్యాచ్. ఫోలీ చేతులకు వెనక్కి బేడీలు వేసి ఉన్నాయి. అంటే తలను కాపాడుకోవడానికి చేతులు అడ్డం పెట్టలేడు. అలాంటి మనిషి తల మీద రాక్ పదిసార్లకు పైగా కుర్చీతో కొట్టాడు. చిన్నప్పుడు లెక్కపెట్టి మరీ అరిచాం. ముందు వరుసలో ఫోలీ భార్య, చిన్న పిల్లలు ఉన్నారు. పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు, వాళ్లమ్మ వాళ్లను బయటకు తీసుకెళ్లింది. ఆ రాత్రిని ‘బియాండ్ ద మ్యాట్’ అనే డాక్యుమెంటరీ కోసం కెమెరాలు తీశాయి. ఆ తర్వాత డాక్యుమెంటరీ తీసినవాళ్లు ఫోలీ ఇంటికి వెళ్లి, రింగ్‌లో ఉన్నప్పుడు ఆయన చూడలేకపోయిన దాన్ని స్క్రీన్ మీద చూపించారు. తన పిల్లల ఏడుపు చూస్తూ ఫోలీ మొహం మారిపోవడం కూడా అందులో ఉంది.