ఆంగ్ల నోటుపుస్తకంలో మన బిడ్డ సొంత వాక్యం ఎక్కడ?

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు విద్యాజీవితంలో ఒక ముఖ్యమైన మలుపు. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఈ మూడేళ్లను ప్రత్యేక దశగా గుర్తించింది. అంతవరకు చదవటం నేర్చుకున్న బిడ్డ ఇక్కడినుంచి చదివి నేర్చుకోవలసి ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆంగ్ల మాధ్యమం విస్తరించినందున సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం కూడా చాలామంది పిల్లలకు ఆంగ్లంలోనే ఎదురవుతున్నాయి. కాబట్టి ఆంగ్లంలో వెనుకబడిన బిడ్డ మిగిలిన పాఠాల్లోనూ వెనుకబడే ప్రమాదముంది.

గ్రామీణ భారతంలోని పిల్లల చదువుపై వెలువడే ‘అసర్’ నివేదిక 2022లో ఒక చేదు నిజాన్ని మన ముందుంచింది. ఎనిమిదో తరగతి పిల్లల్లో సులభమైన ఆంగ్ల వాక్యాలు చదవగలిగినవారు 46.7 శాతం మాత్రమే. అంటే సగం మందికి పైగా పిల్లలు చిన్న వాక్యం వద్దనే ఆగిపోతున్నారు. మరి ఇన్నేళ్లు ఆ బిడ్డలు ఆంగ్ల తరగతిలో చేసినదేమిటి?

మన ఇళ్లలోని నోటుపుస్తకాలు తెరిచి చూస్తే జవాబు దొరుకుతుంది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. పుటపుటకూ ఎర్రసిరా టిక్కులుంటాయి. తల్లిదండ్రులు సంతోషిస్తారు. కాని అందులోని జవాబులు చాలావరకు నల్లబల్లపై నుంచో, గైడు నుంచో దించుకున్నవే. బిడ్డ తానుగా ఆలోచించి రాసిన వాక్యం కోసం వెదికితే ఒక్కటీ కనిపించదు. అటువంటి బిడ్డ నిండు నోటుపుస్తకంతోనే తరగతులు దాటుతాడు. రెండు రోజుల సెలవు కోరుతూ నాలుగు వాక్యాల ఉత్తరం రాయమంటే మాత్రం కలం కదలదు.

ఈ సమస్య మన పిల్లలకే పరిమితం కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో నాన్సీ అట్‌వెల్ అనే ఉపాధ్యాయిని ఈ వయసు పిల్లలకే ఆంగ్లం బోధించారు. మొదట ఆమె కూడా అందరికీ ఒకే పాఠం, ఒకే వ్యాసాంశం ఇచ్చేవారు. తర్వాత పద్ధతి మార్చారు. పిల్లలే తమకు నచ్చిన పుస్తకం ఎంచుకోవాలి. రాయదలచిన విషయమూ వారే నిర్ణయించుకోవాలి. ఆమె కొద్ది నిమిషాలు ఒక చిన్న మెళకువ చెప్పేవారు. మిగిలిన సమయమంతా పిల్లలు చదువుతూ, రాస్తూ ఉండేవారు. చదివిన పుస్తకం గురించి పిల్లలు ఉత్తరం రాస్తే ఆమె దానికి జవాబు రాసేవారు. ఈ అనుభవాలను 1987లో ‘ఇన్ ద మిడిల్’ అనే గ్రంథంగా వెలువరించారు. 1990లో స్వయంగా ఒక పాఠశాల స్థాపించారు. 2015లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ తొలిసారి ప్రదానం చేసినప్పుడు అది ఆమెకే దక్కింది. ఆ పది లక్షల డాలర్లను తన పాఠశాలకే ఇస్తానని ఆమె ప్రకటించారు.

అక్కడి పిల్లల్లో ఎక్కువమందికి ఆంగ్లం ఇంటిభాష. మన బిడ్డ ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడి బడిలో ఆంగ్లం చదువుతాడు. కనుక ఆ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకోలేము. అయినా అందులోని మూడు విషయాలు ఏ బడికైనా వర్తిస్తాయి: ప్రతి వారం తప్పని సమయం, బిడ్డకు కొంత ఎంపిక, రాసినదాన్ని శ్రద్ధగా చదివే ఒక మనిషి.

వారంలోని ఆంగ్ల పీరియడ్లలో ఒకటి చదవటానికి, ఒకటి రాయటానికి కేటాయిస్తే పాఠ్యప్రణాళిక కుంటుపడదు. చదివే పీరియడులో బిడ్డ తన స్థాయికి తగిన చిన్న కథ చదవాలి. ఒక పుటలో ఐదారు పదాలు తెలియకపోతే ఆ పుస్తకాన్ని పక్కనపెట్టి తేలికైనది ఇవ్వాలి. రాసే పీరియడులో ఆ కథ గురించి ఐదు సొంత వాక్యాలు చాలు. నచ్చిన పాత్ర ఏది? ఎందుకు నచ్చింది? తానైతే ఏమి చేసేవాడు? ఇవి గైడులో దొరికే జవాబులు కావు.

అప్పుడు తప్పులు దొర్లుతాయి, దొర్లాలి కూడా. తెలుగులోనూ ఉర్దూలోనూ సాధారణంగా క్రియ వాక్యం చివర వస్తుంది. ఆంగ్లంలో అది కర్తను అనుసరించి ముందే వస్తుంది. అందుకే బిడ్డ ‘ఐ వెంట్ టు స్కూల్’ అనటానికి బదులు ‘ఐ స్కూల్ వెంట్’ అని రాస్తాడు. ‘ఎ’, ‘ది’ వంటి మాటలకు మన భాషల్లో సరిసమానమైనవి లేవు. కాబట్టి అవి జారిపోతాయి. ఇది మందబుద్ధి కాదు. తెలిసిన భాష దారిలో తెలియని భాషలోకి నడిచే ప్రయత్నం. పుటంతా ఎర్రసిరాతో నింపితే మరుసటి వారం ఆ బిడ్డ మళ్లీ దించుకోవటానికే సిద్ధపడతాడు. వారానికి ఒక రకం తప్పును మాత్రమే సరిదిద్ది, బాగున్న వాక్యం కింద ఒక మంచి మాట రాసే ఉపాధ్యాయుడు ఎక్కువ మేలు చేస్తాడు.

‘మాకే ఆంగ్లం రాదు, మేమేం చేయగలం?’ అని తల్లులు నిరాశపడనవసరం లేదు. బిడ్డ చదివిన కథను ఉర్దూలోనో తెలుగులోనో చెప్పమని అడగండి. కథ సాఫీగా చెప్పగలిగితే చదివినది అర్థమైనట్లే. చెప్పలేకపోతే పెదవులు మాత్రమే చదివాయని గ్రహించండి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’లో తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషల కథలు స్థాయులవారీగా ఉచితంగా లభిస్తాయి. ఇంటిభాషలో ముందుగా చదివిన కథ ఆంగ్లంలో ఎదురైతే బిడ్డకు భయం సగం తగ్గుతుంది.

ఆదివారం అరగంట ఇందుకు కేటాయించండి. ఆ అరగంట కొడుకుకు ఇచ్చి కూతురిని వంటింట్లోకి పిలవకండి. ఇద్దరికీ సమానంగా ఇవ్వండి. బిడ్డ రాసిన ప్రతి పుటపై తేదీ వేయించి దాచండి. మూడు నెలల తర్వాత మొదటి పుటనూ చివరి పుటనూ పక్కపక్కన పెట్టి చూడండి. మార్కుల జాబితా చెప్పని సంగతి ఆ రెండు పుటలు చెబుతాయి.