అయానుల బోను

కైకలూరు, బంటుమిల్లి ప్రాంతముల చెరువులలో పెరిగిన రొయ్య ఐరోపా విపణికి చేరవలెనన్న, ముందొక పరీక్షకు నిలువవలెను. క్లోరాంఫెనికాల్ అను నిషిద్ధమైన మందు కిలో రొయ్యలలో 0.15 మైక్రోగ్రాము, అనగా గ్రామును కోటి భాగములు చేసినచో అందు ఒకటిన్నర భాగము, కనిపించినను 2022 నవంబరు నుండి ఆ సరకునకు అచట ప్రవేశము లేదు. రైతు నెలల తరబడి పడిన కష్టము ఆ ఒక్క అంకెపై ఆధారపడి యున్నది.

ఇంత స్వల్పమైన పదార్థమును పట్టుట ఎట్లు? అణువులను విద్యుదావేశము గల అయానులుగా మార్చి, బరువును బట్టి గుర్తింతురు. ఇందులకు ఉపకరించు యంత్రములలో అయానుల బోను ఒకటి. దీనిని 1950 దశకమున జర్మనీలో రూపొందించిన వోల్ఫ్‌గాంగ్ పాల్ 1989లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమును పంచుకొనెను.

బోను అంటిమి గాని, దీనికి ఊచలు లేవు. విద్యుత్ క్షేత్రమే గోడ. గుఱ్ఱపు జీను నడుమ గోలీని ఉంచినచో, ముందు వెనుకలకు పోలేకున్నను ప్రక్కలకు జారిపడును. స్థిరమైన విద్యుత్ క్షేత్రమును అట్టిదే: ఒక దిక్కున పట్టిన వేరొక దిక్కున వదలును. జీనును తగిన వేగమున గిరగిర త్రిప్పినచో, గోలీ జారులోపలనే వాలు మారిపోయి, గోలీ నడుమనే నిలుచును. పాల్ స్వయముగా చూపిన ఉపమానమిది. బోనులో సెకనుకు సుమారు పదిలక్షల పర్యాయములు దిశ మారు విద్యుత్తు ఈ పని చేయును.

బోనులో నడుమ ఒక కంకణము, ఇరుప్రక్కల రెండు మూతలు ఉండును. వాని లోతట్టు వంపు అతిపరావలయమను గణితరేఖను అనుసరించును. అప్పుడే అయాను కేంద్రమునుండి ఎంత దూరము పోయిన, సగటున అంత బలముగా వెనుకకు లాగబడును. విద్యుత్ పీడనమును క్రమముగా పెంచిన, తేలిక అయానులు ముందు, బరువైనవి పిదప, మూతలోని కన్నము గుండా వెడలును. వెడలిన క్షణమే బరువును తెలుపును.

చిక్కు ఆ కన్నముతోనే వచ్చినది. కాలువ గట్టునకు తూము పెట్టినచోట నీటి తీరు మారినట్లు, కన్నము చెంత క్షేత్రము బలహీనపడును. వెడలవలసిన అయాను మరల స్థిమితపడి, కొంత తడవు తచ్చాడి వెడలును. ఆలస్యమైనచో బరువు తప్పుగా నమోదగును. పైగా ఆ తప్పు అన్ని అణువులకు ఒకే తీరున ఉండదు.

1980 దశకమున దీనికి కనుగొన్న విరుగుడు విచిత్రమైనది. మూతలను గణితము చెప్పిన స్థానముకంటె 10.6 శాతము ఎడముగా జరిపిరి. కొసలవైపు క్షేత్రము బలపడి, అయాను జాగు చేయక వెడలినది. ఒక లోపమును మరియొక లోపముతో సరిదిద్దిరన్నమాట! బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ఈ ఆలస్యమునే గణితముతో విశ్లేషించిరి.

క్లోరాంఫెనికాల్ అయాను బరువు 321. దానిని విరిచిన 152 బరువు గల తునక వచ్చును. ఈ రెండును సరియైన తావున కనిపించిననే సాక్ష్యము నిలుచును. నేడు రొయ్యల పరీక్షకు తరచుగా వాడునది ఈ బోనునకు సోదరమైన నాలుగు కడ్డీల యంత్రము. అందును క్షేత్రపు రూపమే ప్రాణము. ఆ వంపు సరిగానున్ననే, దోషి తప్పించుకొనడు; నిర్దోషియైన రైతు నష్టపోడు.