కడుపులోని పుండు – ఆమ్లమును తగ్గించు మందులు

నాట్ల దినములలోను కోతల దినములలోను నడుములు పట్టినప్పుడు మన గోదావరి డెల్టా గ్రామములయందు నొప్పి బిళ్ళ మ్రింగుట వాడుకయైనది. పని తెమలుటకు అది సాయపడుట నిజమే. కాని దినదినమును కొనసాగినచో ఆ బిళ్ళవలననే కొందఱికి కడుపులో పుండు పడును. పుండునుండి నెత్తురు కాఱి ఆసుపత్రిలో చేరవలసివచ్చినచో ఆ యేటి పంటసొమ్ము వైద్యమునకే చెల్లును. కావున ఈ సంగతిని ప్రతి సభ్యుడును తెలిసికొనుట మంచిది.

అన్నము జీర్ణమగుటకై మన కడుపులో తీక్ష్ణమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లము ఊరుచుండును. అది కడుపునే తినివేయకుండ లోపలిగోడను ఒక జిగురుపొర కప్పియుండును. ఈ పొర కాలువగట్టు వంటిది. దానికి గండి పడినచోట ఆమ్లము సోకి, కడుపులోనో దాని వెంటనున్న చిన్నప్రేగు మొదటనో పుండగును.

గండి పడుటకు ముఖ్యకారణములు రెండు. మొదటిది హెలికోబాక్టర్ పైలోరి యను సూక్ష్మజీవి. దీనిని 1982లో ఆస్ట్రేలియా దేశపు వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌గార్లు కనుగొనిరి. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించెను. రెండవది ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మొదలగు నొప్పి మందులు. జిగురుపొరను కాపాడు ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థములను ఇవి తగినంతగా పుట్టనీయవు. ఈ హాని రక్తముద్వారా కూడ కలుగును గనుక, అన్నము తిని మ్రింగినను, సూదిమందుగా తీసికొన్నను అపాయము పూర్తిగా తప్పదు. ఆవకాయను నిందించి లాభము లేదు. కారము మంటను హెచ్చింపవచ్చునుగాని పుండునకు మూలము కాదు.

వేసవిలో కాలువలు కట్టివేసి గట్లు బాగుచేయుట మన మెఱిగినదే. నీరు పాఱుచుండగా గండి పూడదు. ఆమ్లమును తగ్గించు మందు చేయు పనియు నిట్టిదే. అది ఆమ్లపు ఊటను తగ్గించి, శరీరము తన పుండును తాను మాన్పుకొనుటకు అదను కల్పించును. వంటసోడా వంటివి అప్పటికి ఊరిన ఆమ్లమును మాత్రము విఱుచును. కొంతసేపటికి అది మరల నూరును. ఫామోటిడిన్ వంటివి ఆమ్లము ఊరవలెనను ఆజ్ఞను అడ్డగించును. ఒమెప్రజోల్ వంటివి ఆమ్లమును తోడు పంపులనే ఆపును. ఒమెప్రజోల్ 1988లో ఐరోపాలో వెలువడెను. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ దానిని 1991లో ఓమెజ్ అను పేర మన అంగళ్ళకు తెచ్చెను. పంపులు భోజనముతో మేల్కొనును గనుక ఈ మందును భోజనమునకు అరగంట ముందు వేసికొనవలెను. పుండు మానుటకు సాధారణముగా నాలుగు మొదలు ఎనిమిది వారములు పట్టును. మంట తగ్గినంతనే మానరాదు.

సూక్ష్మజీవి యున్నచో దానిని చంపు మందులుకూడ వాడనిదే పుండు మరల పుట్టవచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా నున్న అమెరికాలోని లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. ఆ జాతిదే యగు టెట్రాసైక్లిన్ నేటికిని ఈ చికిత్సలో వాడుకలో నున్నది.

సభ్యులు గమనింపవలసిన విషయములు:

1. నొప్పి బిళ్ళలను వైద్యుని యడుగక దినములతరబడి వాడరాదు. ముసలివారును, పూర్వము పుండు పడినవారును మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను.

2. గుండెజబ్బునకు ఆస్పిరిన్ వాడువారు దానిని తమంతట తాము మానరాదు. ఆమ్లమును తగ్గించు మందు తోడుగా కావలెనేమో వైద్యుని యడుగవలెను.

3. తారువలె నల్లని విరేచనమైనను, నెత్తురు వాంతియైనను, కత్తితో పొడిచినట్లు కడుపునొప్పి హఠాత్తుగా వచ్చినను, బిళ్ళలతో కాలక్షేపము చేయక ఆ గడియయందే ఆసుపత్రికి పోవలెను.

4. ఆమ్లమును తగ్గించు మందులనుకూడ వైద్యుని సలహా లేక నెలలతరబడి వాడరాదు.

నాట్లు ఒక దినము ఆలస్యమైనను పూడ్చుకొనవచ్చును. పుండును దాచి పనిలోనికి దిగినవాని యింటికి కలుగు నష్టము పూడ్చుట కష్టము.